పిల్లిని గెంటివేసి కబాబు వడ్డించేవారికి

గత ఆదివారం ఉదయం హైదర్‌గూడలో దగ్గరి బంధువుల ఇంటికి వెళ్లాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా, వారు పాత ఇంటిని, వెనుక ఉన్న పెరటిని ఇంకా బిల్డరు చేతిలో పెట్టలేదు. ఒక మామిడిచెట్టు, రెండు కరివేపాకు మొక్కలు, మూతవేసిన బావి. ఆ ఇంటి అబ్బాయి బొగ్గుల గ్రిల్లు ముట్టించి మటన్ సీకులు కాలుస్తున్నాడు. కోడలు తన బూడిదరంగు పిల్లికి ఛాతీ చుట్టూ పట్టీ బిగించి, పది అడుగుల తాడు పట్టుకుని చెట్టు కింద నడక నేర్పుతున్నది. పిల్లి రెండడుగులు వేసి, ఒంటిమీద పట్టీ ఉన్న సంగతి గుర్తుకు రాగానే పక్కకు ఒరిగి పడుకుంటున్నది. కాసేపటికి మళ్లీ లేస్తున్నది. కాఫీ గ్లాసు పట్టుకుని నేనూ ఆ వినోదం చూస్తూ కూర్చున్నాను.

కోడలికి మూడవ నెల. అత్తగారు నా పక్కన కుర్చీ వేసుకుని, "అన్నయ్యా, మీరైనా చెప్పండి. కడుపుతో ఉన్న పిల్ల పిల్లిని ముట్టుకోవచ్చునా? పిల్లి వల్ల గర్భం పోతుందని పక్కింటివారు కూడా అంటున్నారు. రేపు మనిషిని పెట్టి, గోనెసంచిలో వేసి మూసీ అవతల వదిలించేద్దామనుకుంటున్నాము" అన్నారు. ఆ మాట అంటూనే సీకు మీది నుంచి ఒక ముక్క తీసి, పళ్లెంలో పెట్టి కోడలికి అందించారు. పైన మాడి నల్లబడిన ఆ ముక్క లోపల ఇంకా ఎర్రగానే ఉన్నది.

ఈ వ్యాసం ఆ పళ్లెం గురించి.

పిల్లిపై మోపుతున్న నేరం పూర్తిగా కల్పితం కాదు. టాక్సోప్లాస్మా గాండై అనే ఏకకణ పరాన్నజీవి ఉన్నది. 1908లో ట్యూనిస్ నగరంలో నికోల్, మాన్సో అనే శాస్త్రవేత్తలు దానిని గుండి అనే ఎలుకజాతి జంతువులో గుర్తించారు. దాని జీవితచక్రం పిల్లిజాతి ప్రాణుల పేగులలోనే పూర్తి అవుతుందని ఆ తరువాత ఆరు దశాబ్దాలకు గాని తేలలేదు. గర్భిణికి ఈ ఇన్ఫెక్షన్ గర్భకాలంలో మొట్టమొదటిసారి సోకితే, అది శిశువుకు చేరి కంటినీ మెదడునూ దెబ్బతీయవచ్చు. కాబట్టి అత్తగారి భయంలో అర్థం లేకపోలేదు. అయితే ఆ భయం చూస్తున్న దిక్కు వేరు, ప్రమాదం వస్తున్న దిక్కు వేరు.

పిల్లికి ఈ పరాన్నజీవి ఎలుకను గాని పిట్టను గాని పచ్చిమాంసాన్ని గాని తిన్నప్పుడు వస్తుంది. తొలిసారి సోకిన తరువాత ఒకటి నుంచి మూడు వారాలపాటు పిల్లి మలంలో దాని గుడ్లవంటి కణాలు పడతాయి. సాధారణంగా జీవితంలో ఆ ఒక్కసారే. ఆ కణాలు కూడా పడిన వెంటనే మనకు సోకవు. పక్వమయ్యేందుకు వాటికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ఇంట్లో పెరిగి, వండిన ఆహారమో డబ్బా ఆహారమో తింటూ, వేటాడని పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే గర్భం పోతుందని చెప్పడం వైద్యం కాదు, వదంతి.

మరి మనుషులకు ఎలా వస్తుంది? యూరప్‌లోని పలు నగరాలలో గర్భిణులపై జరిపిన పరిశీలన 2000 సంవత్సరంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అక్కడి ఇన్ఫెక్షన్లలో 30 నుంచి 63 శాతం దాకా సరిగా ఉడకని మాంసం, ఉప్పులో ఊరవేసిన మాంసం వల్ల వచ్చినవని అందులో లెక్కకట్టారు. మట్టి వల్ల వచ్చినవి 6 నుంచి 17 శాతం. పిల్లితో సహవాసం ప్రమాదకారణంగా తేలనే లేదు. అది యూరప్ కథ, మన తిండి వేరు అనవచ్చు. నిజమే. మన అమ్మమ్మలు మాంసాన్ని గంటలకొద్దీ ఉడికించారు, తరువాత కుక్కర్లు వచ్చి ఆరు విజిల్స్ వేయించాయి. ఆ కూరలో ఏ పరాన్నజీవీ బతకదు. ఇప్పుడు కూర స్థానంలో గ్రిల్లును తెచ్చుకున్నాము. గ్రిల్లుతోపాటు "లోపల కొంచెం జ్యూసీగా ఉండాలి" అన్న అభిరుచినీ తెచ్చుకున్నాము. అభిరుచిని తెచ్చుకున్నవారు దానితో వచ్చే జాగ్రత్తను అంగడిలోనే వదిలివచ్చారు.

గ్రిల్లు మీద నాకు పగ లేదు. కీమా కబాబు లోపలి భాగం 71 డిగ్రీల సెల్సియస్‌కు, కోడిమాంసం 74 డిగ్రీలకు చేరాలి. రంగు చూసి చెప్పడం నమ్మదగిన పద్ధతి కాదు గనుక, వేలరూపాయలు పోసి గ్రిల్లు కొన్నవారు మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు కూడా కొనుక్కోవచ్చు. పచ్చిమాంసం ఊరిన గిన్నెలోనే కాల్చినవాటిని తిరిగి వేయకూడదు. ఆ పెరట్లో నేను చూస్తుండగానే అదీ జరిగింది. పచ్చిమాంసం కోసిన కత్తితోనే ఉల్లిపాయ చక్రాలు తరిగారు.

ఇక నా సోదర వైద్యులకు ఒక మాట. ఒకటి రెండుసార్లు గర్భం నిలవకపోగానే టార్చ్ పరీక్ష రాయడం మనలో అలవాటుగా మారింది. నివేదికలో టాక్సోప్లాస్మా ఐజీజీ పాజిటివ్ అని వస్తుంది. ఆ ఒక్క మాటతో ఇంట్లో పిల్లికి ఉద్వాసన, కోడలికి నింద, కొన్నిచోట్ల అవసరం లేని మందులు. ఐజీజీ ఒక్కటే పాజిటివ్‌గా ఉంటే, చాలావరకు ఆమెకు ఎప్పుడో గతంలో ఆ ఇన్ఫెక్షన్ వచ్చి పోయిందని అర్థం. గర్భానికి ముందే వచ్చిపోయినందువల్ల, వ్యాధినిరోధకశక్తి మామూలుగా ఉన్న స్త్రీలో శిశువుకు అది రక్షణే. వరుస గర్భస్రావాలకు దానిని కారణంగా చూపడం శాస్త్రానికి నిలవదు. ఈ సంగతి మనం చదువుకున్నదే. చదువుకున్నది చెప్పడానికి పట్టే ఐదు నిమిషాలను మిగుల్చుకుని, ఒక కుటుంబానికి జీవితకాలపు అపోహను అంటగడుతున్నాము.

నన్ను పిల్లుల తరఫు వకీలుగా అనుకోవద్దు. పిల్లి వల్ల అసలు ప్రమాదం ఎక్కడున్నదో దానిని ఈ ఇళ్లలో ఎవరూ లెక్కచేయరు. ఆ ఉదయమే అది నా కంటబడింది. సీకులు తిప్పుతున్న అబ్బాయి ముంజేతి మీద మూడు గీతలు, వాటిపై ఎండిన పసుపు. అడిగితే, శుక్రవారం రాత్రి గోడ దూకి వచ్చిన ఒక వీధిపిల్లి తమ పిల్లితో కలియబడిందని, విడదీయబోతే గీరిందని చెప్పాడు. రక్తం వచ్చిందట. "కుక్క కాదుగదా పెదనాన్నా, పిల్లే" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాడు.

రేబీస్ వైరస్ కుక్కను, పిల్లిని వేరుచేసి చూడదు. మన దేశంలో మనుషులకు అత్యధికంగా కుక్కల నుంచే వస్తున్న మాట వాస్తవమే. కాని అదే కుక్క కరచిన పిల్లికీ వస్తుంది. పిల్లి తన పంజాలను నాకుతుంది గనుక గోటి మీదా లాలాజలం ఉంటుంది. లక్షణాలు బయటపడిన తరువాత రోగిని కాపాడుకోవడం దాదాపు అసాధ్యం. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి అటువంటి రోగులను తీసుకువచ్చిన కుటుంబాలను అడిగితే, నీళ్లగ్లాసు చూసి మనిషి గొంతు ఎలా బిగుసుకుపోతుందో చెబుతారు. సర్వీసులో నేను చూసిన మరణాలన్నింటిలోనూ ఇప్పటికీ నిద్రలో గుర్తుకు వచ్చేది అదే.

గీరిన వెంటనే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, ఆకుపసరు ఏవీ పెట్టకూడదు. రక్తం రాని చిన్న గీతకైనా టీకా కావాలి. రక్తం వస్తే టీకాతోపాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న కాలం గడచి చాలా ఏళ్లయింది. ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో నాలుగుసార్లు చాలు. గర్భిణులకు కూడా ఈ టీకా నిస్సంకోచంగా వేయవచ్చు, వేయాలి. హైదర్‌గూడ నుంచి కూతవేటు దూరంలో, నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉన్నది, అందులో యాంటీ రేబీస్ క్లినిక్ ఉన్నది. అదే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాలా ఉన్నది. ఇంత దగ్గరలో ఇవి పెట్టుకుని పసుపు డబ్బా కోసం వెతకడం నాకు అర్థంకాని విషయం.

ఇప్పుడు ఆ తాడు దగ్గరకు వద్దాం. కోడలిని చూసి ఆ ఉదయం పక్క డాబా మీదివారంతా నవ్వారు. నా దృష్టిలో ఆ పెరట్లో ఆరోగ్యసూత్రం తెలిసి ప్రవర్తించినది ఆమె ఒక్కతే. తాడు చివర ఉన్న పిల్లి ఎలుకను పట్టదు, వీధిపిల్లితో తలపడదు, కుక్క నోట పడదు. టాక్సోప్లాస్మాకు, రేబీస్‌కు రెండింటికీ ఆ తాడే సగం అడ్డుకట్ట. మిగిలిన సగం ఏటా వేయించే టీకా. నేర్పే పద్ధతి కూడా ఆమెకు బాగా తెలుసు. మెడపట్టీకి తాడు కడితే పిల్లి ఉక్కిరిబిక్కిరి అవుతుంది, లేదా తల వెనక్కు లాగి జారిపోతుంది, అందుకని ఛాతీపట్టీ. మొదటి కొన్ని రోజులు దానిని అన్నం గిన్నె పక్కన ఊరికే పడేసి ఉంచిందట. తరువాత ఇంట్లోనే నిమిషం, రెండు నిమిషాలు తొడగడం, తొడిగినప్పుడల్లా చిన్న చేపముక్క. ఆపైన పెరడు. కుక్కలాగా లాక్కుపోకూడదు, పిల్లి ఎటు వెళ్తే అటు మనం నడవాలి. కొన్ని పిల్లులు ఎన్నటికీ ఒప్పుకోవు. వాటికి కిటికీ పక్కన కూర్చునే చోటు చాలు. ఒక్కటి మాత్రం ఆమెకు తెలియదు, చెప్పాను: అల్లం వెల్లుల్లి, ఉల్లి పట్టించిన కబాబు ముక్క పిల్లికి వేయకూడదు. వెల్లుల్లి, ఉల్లి దాని రక్తకణాలను విరగగొడతాయి.

పిల్లి ఇసుక ట్రేను ఏ రోజుకారోజు ఎత్తిపారేయాలనీ, ప్రసవమయ్యేదాకా ఆ పని కోడలు చేయకూడదనీ, తోటపనికి చేతితొడుగులు వేసుకోవాలనీ, ఆకుకూరలు బాగా కడగాలనీ అత్తగారికి చెప్పాను. ట్రే ఎవరు ఎత్తుతారని అడిగారు. అబ్బాయి వైపు చూపించాను. "వాడా!" అని ఆవిడ నోరు తెరిచారు. తాడు పట్టుకున్న కోడలు మాత్రం మామిడిచెట్టు వైపు తిరిగి నవ్వుకున్నది.

సీకులు మళ్లీ నిప్పుల మీదికి వెళ్లాయి. పిల్లికి టీకా గడువులోనే ఉన్నా, వీధిపిల్లితో కలియబడింది గనుక మర్నాడే పశువైద్యశాలకు తీసుకువెళ్లి మరొక డోసు వేయించారు. అబ్బాయిని మాత్రం తినేదాకా కూడా ఆగనివ్వలేదు. చేయి సబ్బుతో కడిగించి, నా కారులోనే ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఆదివారం మొదటి డోసు, గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ పడ్డాయి. బుధవారం రెండవ డోసు వేయించుకుని ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం మూడవది.