నాలుగు రౌండ్లు దాటాకే అసలు పరుగు

ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో తెల్లవారుజామున కాలేజీ మైదానానికి వెళ్లి చూడండి. పోలీసు ఉద్యోగం కోసం, సైన్యం కోసం ఉరికే పిల్లలు కనబడతారు. కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లను మగవాళ్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. అగ్నివీర్‌లో పూర్తి మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో అయిపోవాలి. అందుకే రోజూ అవే నాలుగు రౌండ్లు, అదే స్టాప్‌వాచ్, అదే రొప్పు. ఈ పిల్లల పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ వాళ్లకొక మాట చెప్పాలి. పరుగులో కష్టమైన భాగాన్నే మీరు రోజూ రుచి చూస్తున్నారు. సుఖం మొదలయ్యే చోట ఆగిపోతున్నారు.

కదలగానే కండరాలు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతాయి. గుండె, ఊపిరి ఆ గిరాకీని అందుకోవడానికి కొంత సమయం కావాలి. కీళ్లు వేడెక్కాలి, అడుగుకు ఒక లయ కుదరాలి. చాలామందికి పది పదిహేను నిమిషాలు దాటితే గానీ ఒళ్లు దారికి రాదు. మన పిల్లల పరీక్ష ఎనిమిది, పదిన్నర నిమిషాలకే ముగుస్తుంది. ఆ కాసేపూ ప్రాణం పెట్టి ఉరికినవాడికి పరుగంటే ఆయాసమే గుర్తుంటుంది.

మరి ఎక్కువ దూరం వెళ్లడమెలా? నెమ్మదిగా. పక్కవాడితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగినంత నెమ్మదిగా. మాట తెగుతోందంటే వేగం తగ్గించాలి, అప్పటికీ తెగితే నడవాలి. నడిస్తే పరువేమీ పోదు. అయిదు నిమిషాలు ఉరికి ఒక నిమిషం నడుస్తూ పోయినా కొత్తవాళ్లు అరగంట గడపగలరు. వారంలో ఒక్కరోజే ఈ పొడవాటి పరుగు పెట్టుకుని, వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటే చాలు.

నెమ్మదిగా ఉరికితే వేగం పోతుందేమోనని పిల్లల భయం. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు ఈ భయాన్ని ఎప్పుడో తీర్చాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ పోటీ పడింది 800, 1500 మీటర్లలో. అయినా ఆదివారాలు కొండదారుల్లో 35 కిలోమీటర్లు ఉరికేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. 1964 టోక్యోలో 800, 1500 మీటర్లు రెండూ గెలిచాడు. పొడవాటి నిదానపు పరుగు గుండెను బలపరుస్తుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలను పెంచుతుంది. 1600 మీటర్లకు కావలసిన శక్తిలో అధికభాగం ఆక్సిజన్ ఆధారంగా వచ్చేదే. కాబట్టి ఆదివారం నిదానం పరీక్షనాటి వేగానికి పెట్టుబడి అవుతుంది.

వేగమే కాదు, ఇలా ఉరికితే పరుగు మీద ఇష్టమూ పుడుతుంది. ఆ ఇష్టం ఎందుకు ముఖ్యమో మన పిల్లలకు అనుభవమే. 2022 నవంబరు నాటి కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ 2023 జనవరిలో జరిగాయి. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు ఆఖరు. దాదాపు రెండేళ్లు గడియారానికి భయపడుతూ ఉరకడం ఎవరి తరం? ఉరకడం ఇష్టమైనవాడికి మాత్రం వాయిదా పడిన పరీక్ష ఉదయాన్ని పాడుచేయలేదు.

పైగా మనకున్న దారులు చిన్నవి కావు. జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఒక్కరోజులో అందుకోవాల్సిన పని లేదు. ఈ వారం మూడు కిలోమీటర్లు పోయి వెనక్కి రావచ్చు, మరో నెలకు ఇంకాస్త ముందుకు. పెన్నా లోయ అంచున నిలబడే రోజు దానంతటదే వస్తుంది. ప్రొద్దుటూరు వాళ్లకు పెన్నా ఒడ్డు, పులివెందుల వాళ్లకు అరటి, చీనీ తోటల మధ్య ఊరిబాటలు ఉన్నాయి. మైదానంలో చుట్టూ తిరిగితే రౌండ్లు లెక్కపెట్టుకుంటాం. దారి పట్టి పోతే ఊళ్లు, చేలు, మనుషులు ఎదురవుతారు, దూరం బరువనిపించదు.

మన ఎండతో మాత్రం పంతం వద్దు. వేసవిలో పొద్దు పొడిచేలోగా సగం దూరం అయిపోవాలి. వెళ్లేముందు ఒక అరటిపండు, వెంట నీళ్లు, తిరిగొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ చాలు. చీకట్లో లేత రంగు చొక్కా వేసుకుని, ఎదురొచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడివైపున పోవాలి. తల తిరిగినా, ఛాతీ పట్టేసినట్టున్నా వెంటనే ఆగాలి.

ఇవి పిల్లలు చేయగలిగినవి. పెద్దలు చేయాల్సినవీ ఉన్నాయి. ఆడపిల్లలకు తెల్లవారుజామున ఒంటరి రోడ్డు మీద ఉరకమని చెప్పి చేతులు దులుపుకోలేం. ఈ మూడు ఊళ్లలోనూ నాలుగున్నరకే తెరుచుకునే మైదానం, దాని చుట్టూ దీపాలు, ఒక నీళ్ల కుళాయి, ఒక కాపలా మనిషి ఉండాలి. పురపాలక సంఘాలకు ఇది మోయలేని ఖర్చు కాదు. శిక్షణ ఇచ్చే అన్నలకు కూడా ఒక మనవి: ఆదివారం స్టాప్‌వాచ్ ఇంట్లో వదిలి, పిల్లలను దారి పట్టించండి. ఉద్యోగాలు కొందరికే వస్తాయి. పరుగు మీద ప్రేమ మాత్రం మైదానానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ దక్కవచ్చు. ఎంపిక జాబితాలో పేరు లేని పిల్ల కూడా మరుసటి ఆదివారం బూట్లు కట్టుకుని బయల్దేరితే, మీరు నేర్పింది ఆమెకు అందినట్టే.