కడవ యడుగు మన్ను



గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చిన దినములలో మేము కడవలోపల చిల్లగింజ నఱగదీసి నీరు పట్టెడివారము. తెల్లవాఱుసరికి నీరు తేఱి, అడుగున మెత్తని యొండ్రుమన్ను నిలిచెడిది. మురికియని పెరటిలో పాఱబోసెడివారము. మన కోనసీమ యంతయు అట్టి మన్నేయని పిదప తెలిసికొంటిమి.

ఈ నది నాసికకడ త్ర్యంబకమున బుట్టి దాదాపు 1,465 కిలోమీటర్లు నడచి సముద్రమును జేరును. వాలున వడిగా పాఱు నీరు రాతిని గోయును, మన్నును మోయును. పాపికొండలకడ తూర్పుకనుమలను గోసికొని వచ్చినది యిట్లే. ధవళేశ్వరము దాటినపిదప నేల సమమగును; వడి తగ్గిన నీరు బరువు మోయజాలక ముందు ఇసుకను, పిదప సన్నని మన్నును దిగవిడుచును. గౌతమీ వసిష్ఠల నడుమ వేలయేండ్లు అట్లు పేరిన నేలపైననే మన కొబ్బరితోటలు, వరిచేలు నున్నవి.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసినది మొదలు కాలువలు మనకు అన్నము పెట్టుచున్నవి. ఆ మేలును మఱువరాదు. కాని నేడు ఎగువ జలాశయములలో నీరు నిలిచి, మన్ను అచటనే దిగుచున్నది. తీరమునకు జేరునది తగ్గెను. అలలు కోయుట మాత్రము మానలేదు. పోయక తీయుచుండిన గాదె యేమగునో ఇల్లాండ్రకు వేఱుగ జెప్పవలయునా?

ఈ వఱదలకు గాజుపాత్రలో ఎఱ్ఱనీరు పట్టి తేఱనిండు. అడుగున నిలిచినది మన నేలయని పిల్లలకు జూపుడు.