గ్రంథాలయ పన్ను ఊళ్లో, పాఠకుడు నజ్రాన్‌లో

సౌదీ అరేబియా నైరుతి మూలన, యెమెన్ సరిహద్దును ఆనుకుని నజ్రాన్ ఉంది. రియాద్ నుంచి బయల్దేరినా, జిద్దా నుంచి బయల్దేరినా రోడ్డు మీద దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు. ఊరికి ఉత్తరాన హిమా అనే చోట మూడు వేల ఏళ్లు దాటిన బావులున్నాయి. వాటిలో ఇప్పటికీ మంచినీళ్లు ఊరుతున్నాయి. ఒకప్పుడు ఒంటెల బిడారులు అక్కడ ఆగి నీళ్లు తోడుకుని ముందుకు సాగేవి. ఆగినవాళ్లు పక్కనున్న రాళ్ల మీద బొమ్మలు చెక్కారు, అక్షరాలు చెక్కారు. ముస్నద్, థముదిక్, గ్రీకు, అరబీ... ఎవరికి వచ్చిన లిపిలో వాళ్లు రాసుకున్నారు. అరబీ లిపిలో దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటి, క్రీస్తుశకం 470 ప్రాంతానిది, ఈ చుట్టుపక్కలే బయటపడింది. ఆ రాతల్నీ బొమ్మల్నీ బావుల్నీ కలిపి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ రాతలు చెక్కినవాళ్లలో చాలామంది సరుకు మోసేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, సైనికులు. పొట్టకూటి కోసం దేశాలు తిరిగేవాడికి అక్షరంతో పనేముందని అడిగేవాళ్లు హిమా రాళ్లను ఒకసారి చూడాలి.

ఇప్పుడు ఆ నజ్రాన్‌లో తెలుగువాళ్లూ ఉన్నారు. 2006లో ఏర్పడిన నజ్రాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాళ్లు, ఆసుపత్రుల్లో నర్సులు, లారీ డ్రైవర్లు, మేస్త్రీలు, తోటల్లో పనివాళ్లు, ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి కొందరు, రాయచోటి, రాజంపేట నుంచి కొందరు, గోదావరి జిల్లాల నుంచి మరికొందరు. సొంత ఊళ్లో అడిగితే అందరూ ‘దుబాయి పోయిన్రు’ అనే చెబుతారు. నజ్రాన్‌లో బజారుకెళ్లి తెలుగు పుస్తకం కొనుక్కొచ్చే వీలు లేదు. యెమెన్ యుద్ధంతో 2015లో మూతపడిన విమానాశ్రయం మళ్లీ తెరుచుకోవడానికే 2021 దాకా పట్టింది. ఇంటికెళ్లి వచ్చేవాడి పెట్టెలో పచ్చళ్లకూ పొడులకూ మందులకూ పోగా మిగిలిన జాగాలో ఒక నవలో, ఒక వారపత్రికో వస్తే వచ్చినట్టు. అలా వచ్చినది ఒక రూములో ఆగదు. అట్ట ఊడేదాకా చేతులు మారుతూనే ఉంటుంది.

గల్ఫ్ కార్మికుడికి పుస్తకం అవసరమన్న మాట మన ప్రభుత్వాల పత్రాల్లో ఎక్కడా కనిపించదు. చనిపోయిన కార్మికుడి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. అది మంచి పనే, ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత దక్కిన పని. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసుల కోసం ఒక సొసైటీ నడుస్తోంది. అకామా (నివాస అనుమతి) గొడవలు, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని)తో తగాదాలు, శవపేటికల రవాణా, ఇవన్నీ పట్టించుకోవాల్సినవే. కానీ చనిపోయాక, జైల్లో పడ్డాక మాత్రమే గుర్తుకొచ్చే మనిషికి బతికున్న పదేళ్లూ పదిహేనేళ్లూ సాయంత్రాలుంటాయి, శుక్రవారాలుంటాయి. ఆ సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో ఎవరూ అడగడం లేదు.

పన్నెండు గంటలు ఎండలో పనిచేసి వచ్చినవాడు ఏం చదువుతాడన్నది మొదటి అభ్యంతరం. ఈ ప్రశ్నకు తెలుగునేల మీద ఒక జీవితమే జవాబుగా నిలిచి ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లా మాధవరంలో పుట్టాడు. బడికి పోయే స్తోమత లేదు. ఒక పంతులుగారింట్లో వంట చేసిపెడుతూ నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. పొట్ట చేతపట్టుకుని విజయవాడ వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరాడు. టేబుళ్లు తుడిచిన ఆ కుర్రాడే తర్వాత ‘గోలకొండ పత్రిక’లో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు వేశాడు. వేసి ఊరుకోలేదు, మోసుకుని ఊరూరా తిరిగి తానే అమ్మాడు. నిజాం ప్రభుత్వం జైల్లో పెడితే నిజామాబాద్ జైలు గోడల మధ్య కవి దాశరథి కృష్ణమాచార్యకు తోడుగా ఉన్నాడు. దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చాడు. ‘ప్రజల మనిషి’ నవల రాసింది ఆ హోటల్ సర్వరే. ఈ రోజు సౌదీలో రెస్టారెంట్లలో పళ్లేలు కడుగుతున్న నిజామాబాద్ కుర్రాళ్లకీ ఆయనకీ తేడా తెలివిలో లేదు. ఆయన చేతికి ఎవరో పుస్తకం అందించారు. వీళ్ల చేతికి ఎవరూ అందించడం లేదు.

చదివే మనిషికి పుస్తకం ఒక్కటే ఉంటే చాలదు. చదివిందాన్ని ఇంకొకరితో చెప్పుకోవాలి, వాదించాలి, ‘ఇది చదివావా’ అని అడిగేవాడు పక్కన ఉండాలి. తెలుగువాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 1901లో హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినప్పుడు ఆ ఊళ్లో సర్కారు భాష వేరు, బడి భాష వేరు. పరాయి భాషల మధ్య సొంత భాషలో చదువుకోవడానికి ఒక గది కావాలనే వాళ్లు కూడారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఇప్పటికీ పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లే చోటు.

ఈ గ్రంథాలయ ఉద్యమంలో అన్నిటికన్నా నజ్రాన్‌కు పనికొచ్చే ఉదాహరణ పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో నడిచే పడవల్లోకి పుస్తకాలు ఎక్కించాడు. అప్పట్లో కాలువలే రోడ్లు. పడవెక్కినవాడు గంటల తరబడి నీళ్లను చూస్తూ కూర్చోవాల్సిందే. పొలం పనికి పోయేవాడు, సంతకు పోయేవాడు, అత్తారింటికి పోయే ఆడపడుచు, అందరికీ ఖాళీ సమయం అక్కడే దొరికేది. గ్రంథాలయానికి రాలేనివాడు పాఠకుడే కాదని పాతూరి అనుకోలేదు. అతనికి తీరిక ఎక్కడ దొరుకుతుందో చూసి పుస్తకాన్ని అక్కడికే పంపాడు. గల్ఫ్‌లో ఆ తీరిక కంపెనీ క్యాంపులో రాత్రి తొమ్మిదింటికి దొరుకుతుంది. పనికి తీసుకెళ్లే బస్సులో దొరుకుతుంది. జుమ్మా రోజు మధ్యాహ్నం దొరుకుతుంది. ప్రస్తుతం ఆ తీరికను సెల్‌ఫోన్‌లో పది సెకన్ల వీడియోలు తినేస్తున్నాయి. తప్పు కార్మికుడిది కాదు. అతని ముందు పెట్టింది అదొక్కటే.

డబ్బెక్కడిదన్నది రెండో అభ్యంతరం. ఉమ్మడి రాష్ట్రంలో 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసే ఏర్పాటు జరిగింది. రెండు రాష్ట్రాల్లోనూ ఆ వసూలు ఇప్పటికీ సాగుతోంది. జగిత్యాల పల్లెల్లో, రాయచోటి వీధుల్లో గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు ఎన్నో. ఆ ఇంటి యజమాని ఏటా గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. తాను ఎడారిలో ఉండి, రెండేళ్లకోసారి తప్ప ఊరి ముఖం చూడకుండా, అడుగు పెట్టలేని గ్రంథాలయానికి డబ్బు కడుతున్నాడు. అందువల్ల అతనికి పుస్తకం పంపడం దానం కాదు, అతను కట్టినదానికి బదులివ్వడం. పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసిన ఆ పన్నును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉన్నదే. ఆ బకాయిలు కదిలితే ఊళ్లో బూజుపట్టిన గ్రంథాలయమూ బాగుపడుతుంది, ఊరు దాటిన పాఠకుడికీ ఏదో ఒకటి చేరుతుంది.

కేరళవాళ్లు ఏం చేశారో చూడాలి. గల్ఫ్‌లో మలయాళీలు ఎక్కడ పదిమంది పోగైతే అక్కడ ఒక సమాజం, అందులో ఒక పుస్తకాల అర ఉంటాయి. మలయాళ రచయిత బెన్యామిన్ 1992లో బహ్రెయిన్ వెళ్లి రెండు దశాబ్దాలు అక్కడే ఉద్యోగం చేశాడు. సౌదీ ఎడారిలో గొర్రెలు, మేకల మధ్య చిక్కుకుపోయిన ఒక మలయాళీ అనుభవం స్నేహితుల ద్వారా చెవిన పడితే ‘ఆడుజీవితం’ రాశాడు. 2008లో వచ్చిన ఆ నవలకు కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది, 2024లో సినిమా అయింది. అలాంటి బతుకులు తెలుగువాళ్లవీ వేలల్లో ఉన్నాయి. సిరిసిల్ల ప్రాంతపు రచయిత పెద్దింటి అశోక్ కుమార్ ‘ఎడారి మంటలు’ నవలతో ఆ గోడు వినిపించాడు. కానీ గల్ఫ్‌లోనే ఉంటూ, అక్కడి రూముల్లో చదువుతూ ఎదిగిన తెలుగు రచయితలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందైనా మన సాహిత్య చర్చల్లో వినిపించరు. చదివే గుంపు లేని చోట రాసేవాడు పుట్టడం కష్టం. కూలీ అనుభవం మనకు సినిమాపాటగా, వార్తగా మాత్రమే మిగిలిపోతే, అది చదివే గుంపు లేకపోవడం వల్లే.

అమెరికాలో కథ వేరు. డెట్రాయిట్‌లో తెలుగువాళ్లు 1998 నుంచి సాహితీ సమితిగా కూడి నెలకో పుస్తకం చర్చించుకుంటూ వచ్చారు. అదే ఏడాది ‘ఈమాట’ పత్రిక మొదలైంది. వాళ్లకు సొంత ఇళ్లున్నాయి, కార్లున్నాయి, వారాంతాలున్నాయి. ఆరుగురు పడుకునే గదిలో పై మంచం మీద బతికేవాడి దగ్గర అవేవీ లేవు, అందుకే అతనికి బయటి చెయ్యి కావాలి.

సాధనాలు కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. కథకుడు కాళీపట్నం రామారావు (కారా) 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తనకొచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి సొమ్మును ఆ ఇంటికే ఖర్చుపెట్టారు. వలసలకు పేరుపడ్డ జిల్లాలో ఒక బడిపంతులు పోగుచేసిన వేల కథలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, నజ్రాన్‌లో కూర్చుని కూడా. పాత పత్రికలు, పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, తెలుగు వికీసోర్స్‌లో ఉన్నాయి. దాసుభాషితం లాంటి చోట పుస్తకాలు వినొచ్చు, ‘హర్షణీయం’ లాంటి పాడ్‌కాస్టులు కథలు వినిపిస్తున్నాయి. రాత్రంతా స్టీరింగ్ పట్టుకునే లారీ డ్రైవరుకు, ఇల్లు దాటి బయటికి అడుగుపెట్టలేని వంటమనిషికి చెవిన పడే కథే దగ్గరి పుస్తకం. గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఆడవాళ్లలో ఒక తరం యద్దనపూడి సులోచనారాణి నవలల్ని అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివేసిన తరం. వాళ్లను కొత్తగా పాఠకుల్ని చేయనక్కర్లేదు, వాళ్లకు దారి చూపిస్తే చాలు.

ఇవన్నీ ఉన్నాయని ఆ కార్మికుడికి చెప్పేవాళ్లే లేరు. అతనికి చెప్పగలిగే చోటు ఒకటుంది. విదేశాలకు వెళ్లేవాళ్లకు ప్రయాణానికి ముందు శిక్షణ ఇస్తారు. తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థ కూడా కార్మికుల్ని పంపుతోంది. అక్కడ ఒక అరగంట గ్రంథాలయశాఖకు ఇవ్వాలి. ఆ అరగంటలో ఫోన్‌లో కథానిలయం తెరిచి చూపించాలి, ఆడియో కథలు దింపి ఇవ్వాలి, చేతిలో రెండు పుస్తకాలు పెట్టాలి. ఇక నజ్రాన్ లాంటి ఊళ్లకు పెట్టెలు పంపాలి. జిద్దా కాన్సులేట్ అధికారులు పాస్‌పోర్టు పనుల కోసం నజ్రాన్ వైపు వస్తుంటారు. పుస్తకాల పెట్టె వాళ్ల వెంట రావచ్చు, విశ్వవిద్యాలయంలో పనిచేసే తెలుగు అధ్యాపకుల దగ్గర ఉండొచ్చు. మేస్త్రీకీ ప్రొఫెసరుకూ మధ్య ఆ ఊళ్లో మాట కలిసే సందర్భాలు తక్కువ. పుస్తకం తీసుకోవడానికి వచ్చి తిరిగివ్వడానికి వెళ్లే రాకపోకల్లోనే ఆ మాట కలుస్తుంది. పరదేశంలో సంఘం పెట్టడానికి అనుమతుల చిక్కులుండొచ్చు, నలుగురు రూములో కూర్చుని ఒక కథ గట్టిగా చదువుకోవడానికి అవి అడ్డురావు.

సౌదీలో గాలి కూడా ఇప్పుడు అనుకూలంగానే ఉంది. అక్కడి ప్రభుత్వం 2020లో సాహిత్యం, ప్రచురణ, అనువాదాల కోసం ప్రత్యేక కమిషన్ ఏర్పాటు చేసింది. కాఫీ దుకాణాల్లో సాహిత్య సభలు జరిగేలా ఒక పథకం నడుపుతోంది. నజ్రాన్‌కు తన సాహిత్య క్లబ్బు ఉంది. తెలుగు కథ ఒకటి అరబీలోకి, అక్కడి కవిత ఒకటి తెలుగులోకి నడవడానికి రెండు భాషలూ వచ్చిన గల్ఫ్ తెలుగువాళ్లకన్నా తగినవాళ్లు ఎవరున్నారు? పదిహేనేళ్లు అరబ్బుల మధ్య పనిచేసిన డ్రైవరు మాట్లాడే అరబీ ఏ కాలేజీలోనూ నేర్పరు.

మొదటి పెట్టెలో ఏం పెట్టాలన్నది తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. ‘ప్రజల మనిషి’ ఉండాలి, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఉండాలి, ‘ఎడారి మంటలు’ ఉండాలి, యద్దనపూడి నవలలు నాలుగైనా ఉండాలి. కారా కథలు, పెద్దక్షరాల కథల పుస్తకాలు, ఫోన్లో పిల్లలకు చదివి వినిపించడానికి బొమ్మల పుస్తకాలు, సౌదీ కార్మిక చట్టాన్ని తేట తెలుగులో చెప్పే ఒక చిన్న పుస్తకం. వెనక ఖాళీ నోటుపుస్తకాలు ఒక డజను, ఎవరికైనా రాయాలనిపిస్తే రాసుకోవడానికి. రెండు రాష్ట్రాలూ కలిసి కదలాలని ఎదురుచూడనక్కర్లేదు. తన పన్ను చెల్లింపుదార్లలో ఇంతమంది గల్ఫ్‌లో ఉన్న జగిత్యాల జిల్లా గ్రంథాలయ సంస్థ, లేదా రాయచోటి వైపు సంస్థ, తమ మనుషులు ఏ ఏ ఊళ్లలో ఉన్నారో ఇంటింటికీ అడిగి ఈ ఏడాదే జాబితా రాసుకోవడం మొదలుపెట్టవచ్చు.