నిదానమే ప్రధానము

పరుల బండిమీద సరకు పంపువాడు ఆ బండివాని కూలికిని, తీరికకును లోబడియే యుండవలెను. మన వార్తాప్రసార ఉపగ్రహముల విషయమున జరిగిన దిదియే. 5,854 కిలోగ్రాముల జీశాట్-11 2018 డిసెంబరులో ఫ్రెంచి గయానానుండియు, 4,700 కిలోగ్రాముల జీశాట్-ఎన్2 2024 నవంబరులో అమెరికానుండియు పరదేశపు రాకెట్లమీద వెడలినవి. శ్రీహరికోట మనకుండగా నీ యవస్థ యేల? మన రాకెట్టు మోయజాలని బరువే కారణము.

ఆ బరువులో నధికభాగము సాధారణముగా యంత్రములది కాదు, ఇంధనముది. ఇట్టి ఉపగ్రహము భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, క్రింది నేలకు కదలనట్లే తోచుచు నిలువవలెను. రాకెట్టు దానిని నడుమ త్రోవలో విడిచిపోవును. అటనుండి స్వస్థానమునకు తానే చేరుకొనవలెను. చేరిన పిమ్మటను సూర్యచంద్రుల యాకర్షణ దానిని ప్రక్కకు లాగుచునే యుండును. ఆయువున్నంత కాలము దానిని సరిదిద్దుకొనుచుండవలెను. ఈ రెండు పనులకును రసాయనిక ఇంధనమునే నమ్మినచో, బయలుదేరునాటి బరువులో తరచుగా సగమునకు మించి యింధనమే యగును.

దీనికి మార్గాంతరము విద్యుత్ చోదనము. సూర్యరశ్మివలన బుట్టిన విద్యుత్తు గ్జినాన్ వాయువును అయానులుగా మార్చి, రసాయనిక జ్వాలకంటె అయిదారు రెట్ల వేగముతో వెడలగొట్టును. కావున స్వల్పమైన వాయువే చాలును. మన శాస్త్రజ్ఞులు నిర్మించిన 300 మిల్లీన్యూటనుల యంత్రము 2025 మార్చిలో 1,000 గంటల పరీక్షను ముగించినది. దాని త్రోపుడు సుమారు మూడు తులముల బంగారపు బరువునకు సమానము! అయినను గాలి యడ్డములేని శూన్యమున నెలల తరబడి త్రోసినచో, టన్నుల బరువును గమ్యము జేర్పగలదు.

ఆలస్యమైన నెలల యాదాయము నష్టమగునని వర్తకు లందురు. నిజమే. 2015 మార్చిలో వెడలిన, పూర్తిగా విద్యుత్తుచేతనే నడచు మొదటి రెండు వార్తా ఉపగ్రహములకు స్వస్థానము చేర నెలలు పట్టినవి. కాని బరువు తగ్గుటచే నవి రెండును ఒక్క రాకెట్టుమీదనే పోయి, కూలిని పంచుకొన్నవి.

దేశమునకు కూలికంటె గొప్ప విషయ మొకటి కలదు. 1993లో అమెరికా యొత్తిడికి లొంగి, రష్యా మనకు క్రయోజనిక్ విద్య నీయక నిలిపివేసెను. స్వంత క్రయోజనిక్ యంత్రముతో మన రాకెట్టు కృతార్థమగునప్పటికి 2014 జనవరి వచ్చెను. ఇరువదియేండ్ల యీ పాఠమును మరువదగదు.

2017లో జీశాట్-9 విద్యుత్ చోదనమును మన ఉపగ్రహములలోనికి దెచ్చినది. ప్రవేశము చాలదు, అదియే మనకు నియమము కావలెను. మరియొక మాట. గ్జినాన్ గాలిలో నత్యల్పముగా నుండును. ఉక్కు కర్మాగారములకై గాలినుండి ప్రాణవాయువును వేరుచేయు పెద్ద యంత్రశాలలయందే దానిని సేకరింపనగును. 2022లో యుక్రెయిను యుద్ధము మొదలుకాగానే దాని వెల మిన్నంటుటను లోకము చూచినది. మన కర్మాగారములయందే దీనిని కూర్చుకొను యేర్పాటు జరుగవలెనని మా దృఢాభిప్రాయము. యంత్రము స్వదేశీయమై, దానిలో బోయు వాయువు విదేశీయమైనచో, ఆకాశమున మన స్వాతంత్ర్యము సగమే యగును.