ఆ ఫోటోలో చెయ్యి ఎవరిది?

ఫ్రెంచ్ ఫ్రైస్ ఫోటోల మీద స్త్రీవాద వ్యాసమా అని ఒక సదస్సులో నన్నడిగారు. అడిగినాయన రోలా బార్త్‌ని ఏటా పాఠం చెప్పే ఆచార్యులు. 1957లో వచ్చిన 'మిథాలజీస్'లో వేయించిన బంగాళాదుంపల మీద బార్త్ రాస్తే అది సిద్ధాంతం. అదే వస్తువుని తెలుగు పరిశోధకురాలు ఎత్తుకుంటే కాలక్షేపం! ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తుందో ఈ పత్రిక పాఠకులకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ పుస్తకంలో రెండు వ్యాసాలు నాకు ముఖ్యం. ఒకటి మాంసం ముక్క, ఫ్రైస్ గురించి. ఇండో చైనాలో యుద్ధ విరమణ తర్వాత ఒక ఫ్రెంచి జనరల్ తన మొదటి భోజనానికి ఫ్రైస్ అడిగాడన్న వార్తలో బార్త్ ఒక జాతి తనని తాను గుర్తుపట్టుకోవడాన్ని చూశాడు. రెండోది 'ఎల్' అనే స్త్రీల పత్రికలో అచ్చయ్యే వంటకాల రంగుల ఫోటోల గురించి. పైన సాసులూ జెల్లీలూ పూసి నున్నగా మెరిపించిన ఆ వంటలు కొనుక్కోలేని పాఠకులు కళ్లతో తినడానికే ఉన్నాయంటాడు. వర్గం ఆయనకి స్పష్టంగా కనిపించింది. ఆ ముక్కల్ని ఎవరు తరిగారు, నూనె మూకుడు దగ్గర ఎవరు నిలబడ్డారు అన్నది ఆయన ప్రశ్న కాదు. అది నా ప్రశ్న.

ముందు ఆ ఫోటో ఎలా తయారవుతుందో చూద్దాం. వేగిన దుంప ముక్క కరకరలాడటం అయిదారు నిమిషాల ముచ్చట. లోపలి ఆవిరి బయటికొచ్చి పైపొరని మెత్తబరుస్తుంది, ముక్క వాలిపోతుంది. మెనూ కార్డులో మాత్రం అది ఎప్పటికీ వాలదు. అందుకోసం కొత్త నూనె పోసి వాయి మీద వాయి వేయిస్తారు. మరకలేని, పొడుగాటి, నిటారు ముక్కల్ని ఏరతారు. కాగితపు పొట్లం అడుగున సగం దాకా టిష్యూ కుక్కి, ముక్కలన్నీ పైకి లేచి నిలబడేట్టు గుచ్చుతారు. నిలబడనివాటికి వెనక టూత్‌పిక్ ఆనిస్తారు. వెనక నుంచో పక్క నుంచో వెలుతురు, ఇటువైపు నీడ చావడానికి తెల్ల అట్ట. కెమెరాని బాగా కిందికి దించుతారు, ముక్కలు గోపురాల్లా కనబడాలి కదా. చివరి క్షణంలో కుంచెతో కాస్త నూనె, పైన గళ్లుప్పు పలుకులు. ఇదంతా నైపుణ్యమే, కాదనను.

రెండేళ్ల కిందట హైదరాబాదులో ఒక రెస్టారెంటు కొత్త మెనూకి ఫోటోలు తీస్తుంటే నేను దగ్గరున్నాను. పళ్లేలు సర్దేది మా పిన్ని కూతురు. ఫోటోల కింద వాక్యాలు రాసే పని నాకిప్పించింది. (డాక్టరేట్ తర్వాత గెస్ట్ లెక్చరర్ జీతం సంగతి తెలిసినవాళ్లకి నేనెందుకు ఒప్పుకున్నానో చెప్పక్కర్లేదు.) ఫ్రైయర్ దగ్గర యాభై ఏళ్ల ఆమె. ఏడో వాయికి ఆమె అడిగింది: "ఇంకెన్నిసార్లు ఎయ్యాలె బిడ్డా? ఇవన్నీ మంచిగనే ఉన్నయి గదా!" మంచిగానే ఉన్నాయి. అయినా పదకొండు వాయిలు పడ్డాయి. వాటిల్లోంచి ఏరినవి పాతిక ముక్కలు. మిగతావి పనివాళ్లు తినడానికి వీల్లేదన్నాడు మేనేజరు, లెక్క తప్పుతుందట.

ఆ తర్వాత ఫోటోగ్రాఫర్‌కి పొట్లంలోంచి ఒక ముక్కని తీస్తున్న చెయ్యి కావాల్సొచ్చింది. దగ్గరున్నది ఆమే కాబట్టి ఆమెని రమ్మన్నాడు. ఆమె చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నూనె చిట్లిన మచ్చలు, కొన్ని పాతవి, ఒకటి పచ్చిది. అతను చెడ్డగా ఏమీ అనలేదు. "వద్దులే అమ్మా" అన్నాడంతే. రిసెప్షన్‌లో కూచునే అమ్మాయిని పిలిచారు. గోళ్లకి లేత గులాబీ రంగు. మెనూలో ఇప్పుడున్నది ఆ చెయ్యి. నేను రాసిచ్చిన వాక్యాల్లో వేయించినావిడ ప్రస్తావన ఉన్నది ఒక్కటే, అది కొట్టేశారు. దాని బదులు ఏం రాయమన్నారో తెలుసా? 'అమ్మ చేతి రుచి'! ఫ్రెంచ్ ఫ్రైస్‌కి!

అమ్మ అన్న మాట కావాలి, అమ్మ చెయ్యి అక్కర్లేదు. నా కోపమంతా ఇక్కడే ఉంది.

ఫుడ్ స్టైలింగ్ ఆడవాళ్లకి దొరికిన కొత్త ఉపాధి కదా, అందం మీద మనకెందుకీ కక్ష అని కొందరు స్త్రీవాద మిత్రులే అంటున్నారు. అందం మీద నాకే కక్షా లేదు. మా చెల్లెలికి దుంప గురించి తెలిసినంత నాకు నా సిద్ధాంత గ్రంథం గురించి తెలీదేమో. కానీ ఆమె పేరూ ఆ కార్డులో లేదు. ఉన్నవి రెస్టారెంటు పేరు, ధర. ఇద్దరు స్త్రీల పనిని మింగేసి పళ్లెం తనంతట తానే అలా పుట్టినట్టు కనబడటాన్ని వంటకి గౌరవం అనమంటే నేననలేను.

ఇలాంటి ఫోటోల మీద ఫిర్యాదులు కొత్త కాదు. సూపు గిన్నె అడుగున గోళీలు వేసి కూర ముక్కలు పైకి తేలేట్టు ప్రకటన తీసినందుకు 1970లో క్యాంప్‌బెల్ కంపెనీని అమెరికా వ్యాపార కమిషన్ నిలదీసింది. 2012లో మెక్‌డొనాల్డ్స్ కెనడా శాఖ తన బర్గర్ ఫోటోని ఎలా సర్దుతారో తనే వీడియో తీసి చూపించింది. 2024 ఆగస్టులో జొమాటో, కృత్రిమ మేధతో తయారైన వంటకాల బొమ్మలని మెనూల్లోంచి తీసేస్తామంది. ప్రతిసారీ అడిగింది ఒక్కటే: తినేవాళ్లు మోసపోయారా? న్యాయమైన ప్రశ్నే. మరి "ఫోటోలో ఇలా లేదే" అని పళ్లెం వెనక్కి పంపినప్పుడు లోపల మాట పడేది ఎవరు? పదకొండు వాయిల్లోంచి ఏరిన పాతిక ముక్కలతో, రద్దీ రాత్రి వేసిన ఒక్క వాయి పోటీ పడాలి.

ఇంట్లోనూ ఇదే కథ. ఆలుగడ్డ, ఉర్లగడ్డ, బంగాళాదుంప అని తలా ఒక పేరున్న దుంపకి, పిల్లల నోట ఇప్పుడు ఒకే పేరు. "హోటల్లోలాగ రాలేదమ్మా" అంటారు. రాదు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది, నూనెలో పడగానే ఆ చక్కెర ముదురు రంగుకి తిరిగి మచ్చలు కడుతుంది. ఫ్యాక్టరీలో అయితే దుంప రకాన్ని ఏరి, వేడినీళ్లలో ఆ చక్కెరని కడిగేసి, సగం వేయించి గడ్డకట్టిస్తారు. ఆ బంగారు రంగు ఒక ఫ్యాక్టరీ వరస. అది తన చేతకానితనమని తల్లి నమ్ముతుంది.

ఇక మన సంగతి. విమల 'వంటిల్లు' కవిత రాశాక తెలుగు సాహిత్యంలో వంటిల్లు మళ్లీ పాత వంటిల్లు కాలేదనుకున్నాం. మార్తా రోస్లర్ 1975లోనే కెమెరా ముందు నిలబడి, వంటింటి పనిముట్లని అక్షరమాల వరసలో ఒక్కొక్కటే ఆయుధంలా ఝళిపించింది. అలాంటిది ఈమధ్య మనం రాస్తున్న వంటింటి జ్ఞాపకాలు చదువుతుంటే నాకు ఆ మెనూ కార్డే గుర్తొస్తోంది. కిటికీలోంచి పడే వెలుతురు, ఇత్తడి గిన్నెలు, ఇంగువ తిరగమోత, అమ్మమ్మ ముడతల చేతులు. సరిగ్గా అదే వెలుతురు, అదే కోణం! వాలిపోయిన ముక్కలన్నీ ఏరి పారేసి నిలబడ్డ పాతికనే గుచ్చుతున్నాం. పొగకి మండిన కళ్లు, ఉప్పెక్కువైందని విసిరికొట్టిన కంచం, నెలసరి మూడు రోజులూ బయట కూచున్న మనిషికి పెట్టిన విడి కంచం, ఆ ఇంట్లో అంట్లు తోమి గడప బయట నిలబడే అన్నం తిన్న ఇంకొకామె ఫ్రేములోకి రావు.

మెనూ వాళ్లకి అమ్ముకోవాలి, సరే. మనకేం అవసరం? ఇప్పుడు రెండు పత్రికలు వంటింటి జ్ఞాపకాల మీద రచనలు అడుగుతున్నాయి. రాసేవాళ్లు ఆ పూట అమ్మ ఎన్నింటికి తిన్నదో, ఏం మిగిలితే తిన్నదో కూడా రాసి పంపండి.