ముందు యంత్రాన్ని అడుగుదాం

రంజాన్ ఖర్చులు ముగిసి, మా అమ్మాయి డిగ్రీ రెండవ సంవత్సరం ఫీజు గడువు దగ్గరపడిన రోజులవి. 2012లో కొన్న మా డెస్క్‌టాప్ కంప్యూటర్ సరిగ్గా అప్పుడే మొండికేసింది. ఒకవైపు ఆన్‌లైన్ తరగతి వింటూ మరొకవైపు అకౌంట్స్ పట్టిక వేయబోతే పాఠం మధ్యలోనే బొమ్మ నిలిచిపోయేది. దుకాణంలో విచారిస్తే, "ఇది పాతబడిపోయింది, కొత్తది తీసుకోండి" అన్నారు. ఆ సంగతి విని మా అమ్మాయి, "అబ్బాజాన్, నా ఫీజు డబ్బు దీనికి పెట్టకండి. నేను ఫోనులోనే చదువుకుంటాను" అంది. బిడ్డ చదువు అరచేతిలోని తెరకు కుదించుకుపోవడం మాకు ఇష్టం లేకపోయింది. అలాగని ఫీజు సొమ్మును ముట్టుకోవడానికీ మనసు ఒప్పలేదు. ఇంటి ఖర్చులు పోగా మిగిలినది నాలుగు వేల రూపాయలు. దానితో ఏమి చేయగలమో చూద్దామనుకున్నాము.

కంప్యూటర్ నెమ్మదించిందంటే దోషం ఎప్పుడూ ప్రాసెసర్‌దే కాదు. వైద్యుడు నాడి చూసినట్లు ముందుగా యంత్రాన్నే పరీక్షించాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పని చేస్తుండగా అందులో డిస్క్ నూరు శాతానికి చేరి, ప్రాసెసర్ ఇరవై ముప్పై శాతం దగ్గరే ఉంటే, పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. అమర్చుకోవడమే సరైన చికిత్స. మెమరీ నిండిపోతూ ఉంటే ర్యామ్ పెంచుకోవాలి. మేము ఈ రెండు పనులూ రెండేళ్ల క్రితమే చేసి ఉన్నాము. ఈసారి నూరు శాతం దగ్గర కొట్టుకుంటున్నది ప్రాసెసరే. అది రెండు కోర్ల పెంటియమ్ జి620.

రోగం తెలిసింది. ఇక మందు విషయంలో పొరపడింది మేమే. మదర్‌బోర్డు ఏమిటో చూడకుండా, సంఖ్య పెద్దదైతే మేలైనదే అనుకొని, తెలిసినవారి వద్ద కోర్ ఐ5-4570 తీసుకున్నాము. మాది హెచ్61 బోర్డు. దాని సాకెట్ ఎల్.జి.ఎ. 1155. కొని తెచ్చినది 1150 సాకెట్‌కు చెందినది. అంచులోని గాట్లు కలవకపోవడంతో పొరపాటు తెలిసింది. ఈ రకం సాకెట్లలో సన్నని పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డుకే ఉంటాయి. బలవంతంగా నొక్కి ఉంటే అవి వంగి బోర్డే పాడయ్యేది. ఇచ్చినవారు మర్యాదగా వెనక్కి తీసుకున్నారు కాబట్టి సరిపోయింది.

అందుచేత పాఠకులకు మా మనవి ఇది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ బోర్డు పేరు, మోడల్ తెలుసుకోండి. ఆ బోర్డు తయారీదారుల వెబ్‌సైటులో, అది ఏయే ప్రాసెసర్లను స్వీకరిస్తుందో తెలిపే జాబితా ఉంటుంది. అందులో లేనిది ఎంత చవకగా దొరికినా కొనవద్దు. ఆ జాబితా చూసుకున్న తరువాతే మేము సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, వాడిన కోర్ ఐ5-3470 తెచ్చుకున్నాము. దానికి నాలుగు కోర్లు. వేడికి సంబంధించిన దాని పరిమితి 77 వాట్లు, పాతదానిది 65. అందువల్ల విద్యుత్తును అందించే పవర్ సప్లైని మార్చవలసిన అవసరం రాలేదు. అమ్మేవారు తమ ఎదుట ఉన్న యంత్రంలో దానిని పెట్టి, నడిపి చూపిన తరువాతే సొమ్ము చెల్లించాము.

ఇక్కడ వరుసక్రమం ముఖ్యం. చాలా హెచ్61 బోర్డులు పాత బయోస్‌తో ఉంటే మూడవ తరం ప్రాసెసర్లను గుర్తించవు. కాబట్టి పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను నవీకరించుకోవాలి. ఆ కొద్ది నిమిషాలలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. అందుకే మేము పొరుగింటి యు.పి.ఎస్. అడిగి తెచ్చుకొని ఆ పని ముగించాము.

తరువాత ప్లగ్ తీసివేసి, పెట్టె లోహపు అంచును ఒకసారి తాకి, ఫ్యాను నాలుగు మూలల మీటలను తిప్పి పైకి లేపాము. పాత పేస్టును మెత్తని గుడ్డతో తుడిచాము. సాకెట్ పక్కనున్న కమ్మీని ఎత్తి, గాట్లు కలిసేలా కొత్త ప్రాసెసర్‌ను వేళ్లతో నొక్కకుండా అలా వదిలాము. దానిపై బఠాణీ గింజంత థర్మల్ పేస్టు పెట్టి, ఫ్యానును ఎదురెదురు మూలల నుండి బిగించి, దాని తీగను మరువకుండా తగిలించాము. తొలిసారి ఆన్ చేసినప్పుడు బయోస్‌లోకి వెళ్లి ఉష్ణోగ్రతను చూసుకున్నాము.

అయితే ఒక నిజాన్ని దాచడం న్యాయం కాదు. విండోస్ 10కు సాధారణ భద్రతా నవీకరణలు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదవ తరం, లేదా ఆ తరువాతివి కావాలి. మాది మూడవ తరం. ప్రాసెసర్ మార్చినంత మాత్రాన ఆ గడప దాటలేము. అందుకే ఉచితంగా లభించే లైనక్స్ మింట్‌ను వేసుకున్నాము. చదువుకు, రాతకోతలకు, లెక్కల పట్టికలకు అది చాలు. మీ పనికి విండోస్ 11 తప్పనిసరి అయితే ఇంత పాత బోర్డుపై సొమ్ము వెచ్చించకండి; ఆ మొత్తాన్ని కూడబెట్టి, ఎనిమిదవ తరం లేదా తరువాతి ప్రాసెసర్ ఉన్న వాడిన యంత్రం కోసం చూడండి.

ఇప్పుడు తరగతి ఆగడం లేదు. పక్కనే పట్టిక తెరుచుకుంటోంది. నాలుగు వేలలో కొంత మిగిలింది కూడా. మా అమ్మాయి ఫోను పక్కన పెట్టి బల్ల ముందు కూర్చుంటోంది. ఫీజు సొమ్ము గడువులోగా ఫీజుకే వెళ్లింది.