పొలం పనులకు వాకీటాకీ యాప్: ఎంచుకునే ముందు ఏం చూడాలి?

వేరుశనగకు రాత్రి కాపలా కాసేవారు, చీనీ తోటలో ఒకరు బోరు దగ్గర, ఇంకొకరు డ్రిప్ లైన్ల దగ్గర ఉండి పని చేసుకునేవారు ‘వాకీటాకీలు కొందామా, ఫోన్‌లో యాప్ వేసుకుందామా’ అని అడుగుతున్నారు. యాడికి మండలంలో మిట్టలు, గుట్టల చాటు పొలాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఈ రెండింటి సంగతీ తెలుసుకుని నిర్ణయించుకోండి.

ఆన్‌లైన్ సెట్లతో జాగ్రత్త

2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అక్రమంగా వాకీటాకీలు అమ్ముతున్న ఆన్‌లైన్ వేదికలకు 13 నోటీసులు ఇచ్చింది. అదే నెలలో అమ్మకాలపై మార్గదర్శకాలు కూడా తెచ్చింది. మన దేశంలో లైసెన్సు లేకుండా సామాన్యులు వాడుకోదగిన వాకీటాకీలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసేవే. వాటికి కూడా ప్రభుత్వ పరికర ఆమోదం ఉండాలి. ‘పది కిలోమీటర్లు వినపడుతుంది’ అన్న ప్రకటన చూసి కొంటే డబ్బుతో పాటు చట్టపరమైన చిక్కూ వస్తుంది. కొనేవారు పెట్టె మీద ఫ్రీక్వెన్సీ, ఆమోదం వివరాలు చూసి, బిల్లు తీసుకోండి.

యాప్ ఎలా పనిచేస్తుంది?

జెల్లో, వాక్సర్ వంటి యాప్‌లలో బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడితే గ్రూపులో ఉన్నవారికి వెంటనే వినిపిస్తుంది. అవతలివారు ఫోన్ ఎత్తనక్కరలేదు. ఖర్చు కూడా తక్కువే. ఒక నిమిషం మాటకు సాధారణంగా ఒక ఎంబీ డేటా కూడా పట్టదు.

అయితే మాట మీ ఫోన్ నుంచి నేరుగా పక్క పొలంలోని ఫోన్‌కు పోదు. టవరు ద్వారా ఇంటర్నెట్‌లోకి వెళ్లి తిరిగి వస్తుంది. ఇంటర్నెట్ లేకపోతే యాప్ మూగబోతుంది. 2017లో అమెరికాలో ఇర్మా తుపాను వచ్చినప్పుడు సిగ్నల్ లేకున్నా పనిచేస్తుందనుకుని లక్షల మంది జెల్లో వేసుకున్నారు. ఇంటర్నెట్ తప్పనిసరి అని ఆ కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. బ్లూటూత్‌తో నడిచే యాప్‌లు కొన్ని ఉన్నా, వాటి అందుబాటు కొన్ని పదుల మీటర్లే. ఐదెకరాల చేనులో ఈ మూల నుంచి ఆ మూలకు కూడా నమ్మలేం.

ఎంచుకునే ముందు ఐదు పరీక్షలు

1. సిగ్నల్: బోరు దగ్గర, మంచె మీద, చేను చివర నిలబడి మాట్లాడి చూడండి. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూడాలి. ఏ కంపెనీ సిమ్ మీ పొలంలో బాగా అందుతుందో తేలాకే యాప్ సంగతి.

2. అందరి ఫోన్లు: కాపలా కాసే నలుగురిలో ఇద్దరివి కీప్యాడ్ ఫోన్లయితే ఈ యాప్ వల్ల లాభం లేదు. మామూలు కాన్ఫరెన్స్ కాలే మేలు. ఇంటర్నెట్ లేకున్నా అది పనిచేస్తుంది.

3. స్క్రీన్ ఆపినప్పుడు: ఫోన్ జేబులో పెట్టి అరగంట తర్వాత పిలిపించుకోండి. చాలా ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం యాప్‌ను నిద్రపుచ్చుతాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ నియంత్రణ తీసేయాలి.

4. మళ్లీ వినే వీలు: ట్రాక్టర్ మోతలో వినపడని మాటను తర్వాత వినగలమా? అత్యవసరం కాని కబుర్లకు ఇప్పటికే ఉన్న వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు, కొత్త యాప్ అక్కరలేదు.

5. భద్రత: ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తెరవొద్దు. పీఎం కిసాన్ పేరుతో ఇలాంటి ఫైళ్లు పంపి ఖాతాలు ఖాళీ చేసిన మోసాలు జరిగాయి. వాకీటాకీ యాప్‌కు మైకు కావాలి గానీ మీ ఎస్ఎంఎస్‌లు అక్కరలేదు. అడిగితే ఇవ్వకండి. గ్రూపుకు తాళం పెట్టుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మోటారు దగ్గర ప్రాణం ముఖ్యం

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన విషయం. బటన్ నొక్కిన క్షణంలోనే మాట మొదలుపెడితే మొదటి అక్షరాలు పోవచ్చు. ముందే వదిలేస్తే చివరి అక్షరాలు పోతాయి. మన భాషలో ‘వద్దు’ చివరనే వస్తుంది. ‘మోటారు వెయ్యొద్దు’ అన్నది అవతలివారికి ‘మోటారు వెయ్యి’ అన్నట్టు వినపడితే, స్టార్టర్ దగ్గరో బోరు దగ్గరో చేయి పెట్టినవారి ప్రాణానికే ముప్పు. అందుకని ఈ మూడు నియమాలు పెట్టుకోండి:

• బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. మాట అయ్యాక మరో క్షణం ఆగి వదలండి.

• ‘వెయ్యొద్దు’ అనే మాటే వాడకండి. ‘ఆపు, ఆపు’ అని రెండుసార్లు చెప్పండి.

• విన్నవారు అదే మాట తిరిగి చెప్పాలి. జవాబు రాకపోతే స్విచ్ ముట్టుకోకూడదు. నడిచి వెళ్లి చూడాలి.

మోటారు, స్టార్టర్ మరమ్మతు జరుగుతున్నప్పుడు యాప్ మాట మీద కరెంటు వేయకండి. మరమ్మతు చేసే మనిషే మెయిన్ ఆపి, తన పని ముగిశాక తానే వేసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజుల జోలికి మీరు వెళ్లొద్దు. లైన్‌మన్‌ను పిలవండి, లేదా 1912కు ఫోన్ చేయండి. రాత్రి కాపలాకు వెళ్లేవారు యాప్ ఉన్నా టార్చి, ఈల వెంట ఉంచుకోండి. ఎన్ని ఈలలకు ఏమర్థమో ముందే అనుకోండి. పాము కాటు వంటి ఆపదలో గ్రూపులో చెప్పి ఊరుకోకుండా నేరుగా 108కి ఫోన్ చేయండి.

చివరిగా

నలుగురికీ స్మార్ట్‌ఫోన్లు, పొలమంతా సిగ్నల్ ఉంటే ఉచిత యాప్ ఒకటి వారం రోజులు పరీక్షించి వాడుకోండి. డబ్బు కట్టే ప్లాన్ అవసరం లేదు. సిగ్నల్ సగం పొలంలోనే ఉంటే యాప్‌ను కబుర్లకే ఉంచుకుని, కాపలాకు ఆమోదం పొందిన సెట్ల గురించి ఆలోచించండి. ఒక్కరే కొనే బదులు పక్కపక్క పొలాల రైతులు కలిసి కొంటే భారం తగ్గుతుంది. యాప్ సెట్టింగ్స్‌లో సందేహం ఉంటే ఫోన్ తీసుకుని మీ రైతు సేవా కేంద్రానికి రండి.